స్మారక నాణెములు: వాని శిల్పమును పరీక్షించు విధము

శిల్పమును చూడవలెనన్న మనము సామాన్యముగా దాని వద్దకు పోవలెను. గోపురమును చూచుటకు క్షేత్రమునకు, చిత్రపటమును చూచుటకు ప్రదర్శనశాలకు ప్రయాణము కట్టవలెను. నాణెమట్లు కాదు. అది తానై మన చేతిలోనికి వచ్చు శిల్పము. మిరపకల్లములో తాలుకాయ లేరు స్త్రీ కొంగుముడిలోను, పత్తి బేరగాని సంచిలోను, సింగరాయకొండ స్టేషనులో రైలుకొరకు నిలిచిన విద్యార్థి జేబులోను ఉండునది ఆ శిల్పమే. అయినను మనము దానిని లెక్కింతుమే కాని చూడము. దాని విలువ నెరుగుదుము. దానిపై చెక్కిన పనితనము నెరుగము.

మహాపురుషుల శతజయంతులకును, జాతి జీవితములోని ముఖ్య ఘట్టములకును గుర్తుగా ప్రభుత్వములు ముద్రించు నాణెములకు స్మారక నాణెములని పేరు. ఈ ఆచారము క్రొత్తది కాదు. రోమను చక్రవర్తులు తమ విజయములను నాణెములద్వారానే దేశదేశములకు చాటుకొనిరి. అట్టి రోమను బంగారు నాణెములు మన సమీపమున వినుకొండలోనే భూమిలో దొరకినవి. స్వతంత్ర భారతమున ఈ వరుస 1964లో జవహర్‌లాల్ నెహ్రూ నాణెముతో ప్రారంభమైనది. 1969లో గాంధీజీ శతజయంతికి చిల్లర నాణెములతోపాటు 15 గ్రాముల వెండి పదిరూపాయల నాణెము వెలువడినది. 1970 నుండి 'అందరికీ అన్నము' వంటి నినాదములతో ఆహార వ్యవసాయ సంస్థ వరుస వచ్చినది. తరువాత వచ్చినవానికి లెక్క చెప్పుటయే కష్టము.

ఇట్టి నాణెము వెలువడినప్పుడెల్ల పత్రికలలో 'అందమైన నాణెము' అను మాట కనబడుచుండును. ఎందువలన అందమైనది? ఎవరు నిర్ణయించిరి? ఏ ప్రమాణముతో? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము ఉద్దేశము. మాలో ఎవరమును టంకశాల శిల్పులము కాము. కాని సాహిత్యమునకు విమర్శ యున్నట్లే నాణెశిల్పమునకును విమర్శ యుండవలెననియు, దాని సూత్రములు సామాన్య విద్యార్థికి అందనివి కావనియు మా విశ్వాసము.

విషయము వేరు, శిల్పము వేరు

మొదట తొలగించుకొనవలసిన భ్రమ యొకటి కలదు. నాణెముపైనున్న వ్యక్తి గొప్పవాడైనచో నాణెమును గొప్పదని తలచుట మన అలవాటు. గాంధీజీ బొమ్మ యున్న నాణెమును బాగులేదనుటకు నోరు రాదు. కాని గౌరవము హృదయమునకు సంబంధించినది; పరీక్ష కంటికి సంబంధించినది. మిరపకాయ కొనువాడు రైతు మంచితనమును చూచి వెల కట్టడు. గుప్పెడు కాయ తీసి రంగు చూచును, తేమ చూచును, తొడిమ చూచును. రైతు ఎంత ధర్మాత్ముడైనను తాలుకాయ తాలుకాయయే. పత్తి కొనువాడు పింజను వ్రేళ్ళతో లాగి పొడవు చూచునే కాని గోతాముపై వ్రాసిన ఊరిపేరు చూచి సంతృప్తి చెందడు. మన పల్లెలలో నిత్యము జరుగు ఈ పరీక్షలో ఒక న్యాయమున్నది: వస్తువును వస్తువుగా చూచుట.

ప్రపంచమున నాణెములకు బహుమతులిచ్చువారును ఈ భేదమును పాటింతురు. అమెరికాలోని క్రౌజ్ ప్రచురణ సంస్థ 1984లో ఆరంభించిన 'సంవత్సరపు నాణెము' బహుమతులలో చారిత్రక ప్రాధాన్యము గల నాణెమునకు ఒక విభాగమును, కళాత్మకమైన నాణెమునకు మరొక విభాగమును వేరువేరుగా నున్నవి. ఒక నాణెము స్మరించు సంఘటన మహత్తరమై శిల్పము సామాన్యమై యుండవచ్చును. ఒక చిన్న విషయమును స్మరించు నాణెమే శిల్పమున అద్భుతమై యుండవచ్చును. లోహపు విలువ యు నిట్లే వేరు. వెండి ఎక్కువైనంత మాత్రమున చెక్కడము మేలు కాదు.

నాణెము ఎట్లు తయారగును?

పనిలోని కష్టము తెలిసిననే గాని తీర్పు న్యాయము కాదు. శిల్పి మొదట కాగితముపై చిత్రము గీయును. ఆ చిత్రము ననుసరించి ప్లాస్టరుతో నాణెముకంటె ఎన్నో రెట్లు పెద్దదైన నమూనా చేయుట పూర్వపు పద్ధతి. ఒక యంత్రము ఆ నమూనామీద సూదివంటి మొనను నెమ్మదిగా నడపుచు, అదే ఆకృతిని చిన్నదిగా ఉక్కుపై చెక్కును. ఈనాడు ఈ పనిలో చాలభాగము కంప్యూటరు చేయుచున్నది. ఆ ఉక్కునుండి అచ్చులు తయారు చేసి, రెండు అచ్చుల నడుమ లోహపు బిళ్ళ నుంచి ఒక్క దెబ్బతో నొక్కుదురు. బొమ్మ, బొరుసు రెండును ఒకేసారి పడును.

ఈ విధానమునుండి కొన్ని నిర్బంధములు పుట్టును. చెక్కడము ఎంత లోతుగా నున్నను లోహము ఆ ఒక్క దెబ్బలో దాని అడుగువరకు పారవలెను. కావున నాణెముపై ఉబ్బు బహు స్వల్పము. చిత్రము అంచుగట్టుకంటె ఎత్తైనచో నాణెములు ఒకదానిపై నొకటి నిలువవు. చేతులు మారుచు త్వరగా అరగిపోవును. పైగా నాణెమునకు రంగు లేదు. ఉన్నది వెలుగునీడలే. ఆ కొద్దిపాటి ఎత్తుపల్లముల మీద వెలుతురు పడినప్పుడు ఏర్పడు నీడలతోనే శిల్పి ముక్కును, కన్నును, వస్త్రపు మడతను చూపవలెను. కాగితముమీది రేఖాచిత్రమును ఉన్నదున్నట్లు లోహమునకెక్కించిన నాణెము బల్లపరుపుగా, జీవము లేక కనబడుటకు కారణమిదియే. రేఖతో ఆలోచించువాడు చిత్రకారుడు. ఎత్తుపల్లములతో ఆలోచించువాడు నాణెశిల్పి.

మన దేశమున మరొక నిర్బంధము కలదు. నాణెమునకు ఒకవైపు అశోకస్తంభపు సింహశీర్షము, 'సత్యమేవ జయతే', దేశనామము, విలువ ఉండవలెను. అనగా స్మారక శిల్పికి మిగులునది రెండవవైపు మాత్రమే. ఆ వైపుననే బొమ్మ, పేరు, సంవత్సరములు ఇమిడ్చవలెను. మన వాడుకలోని పదిరూపాయల నాణెపు అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. ఒక మహాజీవితమును చెప్పుటకు శిల్పికి దొరకిన స్థలము అంతే.

నాలుగు పరీక్షలు

ఈ నిర్బంధముల నెరిగి, నాణెశిల్పమును చూచునప్పుడు వేసికొనవలసిన ప్రశ్నలను మేము నాలుగుగా ఏర్పరచుకొంటిమి. వానికి ఉదాహరణగా మన తెలుగునేలమీదనే ముద్రింపబడిన చార్మినారు రూపాయిని తీసికొందుము. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలమున ఈ నమూనా వచ్చినది. 1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానినే కొనసాగించెను. అది ఒక ఉత్సవమునకై ముద్రించిన నాణెము కాదు. కాని 1591లో కట్టబడిన ఒక కట్టడమును ఒక నగరమునకు చిహ్నముగా నిలిపినది కావున స్మారక శిల్పమునకు పాఠముగా పనికివచ్చును.

మొదటి పరీక్ష: చేతిలో పట్టుకొని చూచుట. నిర్ణేతలు చేయు పెద్ద పొరపాటు నమూనాను పెద్ద కాగితముమీదనో, కంప్యూటరు తెరమీదనో చూచి మెచ్చుకొనుట. పళ్ళెమంత పరిమాణమున ముచ్చటగొలుపు వివరము రూపాయి పరిమాణమునకు దిగినప్పుడు గీతల చిక్కుగా మారును. చార్మినారు నాణెమున చెక్కినవాడు కట్టడములోని ప్రతి జాలీని, ప్రతి తోరణమును పెట్టబోలేదు. నిలువు మీనారులు, నడుమ ద్వారము, పై అంతస్తు, ఇంతే. చేతి దూరమునుండి చూచినను అది చార్మినారే.

రెండవ పరీక్ష: అక్షరములను కప్పి చూచుట. నాణెముపై వ్రాతను వ్రేలితో మూసినప్పుడు బొమ్మ తన సంగతి తాను చెప్పగలదా? చెప్పగలిగినచో అది శిల్పము. చెప్పలేనిచో అది చీటీ అంటించిన బిళ్ళ. ఈ పరీక్షలో మన ప్రాంతపు అతి ప్రాచీన నాణెము ఒకటి ఇప్పటికిని నెగ్గుచున్నది. శాతవాహనులు మన తూర్పుతీరమున ముద్రించిన నాణెములపై రెండు కొయ్యలు గల ఓడ బొమ్మ కలదు. ఆ వంశపు శ్రీ యజ్ఞ శాతకర్ణి శాసనము మనకు దవ్వుకాని చినగంజాములో దొరకినది. ఆ ఓడ నాణెముపై ప్రాకృతపు వ్రాత చదువగలవారు నేడు బహు కొద్దిమంది. కాని పాకల తీరమున వలలాగు పల్లెకారు పిల్లవానికి ఆ నాణెము చూపినచో 'ఓడ' యని వెంటనే చెప్పును. పదునెనిమిది వందల యేండ్ల తరువాతను అది సముద్రవ్యాపారము చేసిన జాతి నాణెమని బొమ్మయే చెప్పుచున్నది.

మూడవ పరీక్ష: ఖాళీ స్థలము. నాణెముపై ఏమున్నదో చూచునట్లే ఏమి లేదో చూడవలెను. బొమ్మ చుట్టును నున్నని నేల కొంత విడిచినప్పుడే బొమ్మకు ఊపిరి అందును. సంఘములు కూర్చుండి నిర్ణయించు నమూనాలలో తరచుగా నశించునది ఈ ఖాళీయే. ఒకరు పతాక చేర్చుడందురు, మరొకరు పావురము చేర్చుడందురు, ఇంకొకరు సంస్థ చిహ్నము మరువవలదందురు. అందరి మాటయు నెగ్గును, నాణెము ఓడిపోవును. మన స్త్రీలు ధరించు కాసులపేరును చూడుడు. వ్రేలిగోరంత కాసుపై లక్ష్మి యొక్కతెయే యుండును. ఆ పని చేసిన కంసాలికి చోటుయొక్క విలువ తెలియును.

నాలుగవ పరీక్ష: వ్రాతకు, బొమ్మకు పొందిక. అక్షరములు బొమ్మకు తోడుగా పుట్టినవా, మిగిలిన చోట ఇరికించినవా? చార్మినారు నాణెమున ఈ పొందిక మెచ్చదగినది. మధ్యద్వారములో ఒకే అక్షరమున్నది. మహబూబ్ అలీ ఖాన్ కాలమున అది 'మీమ్'. ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున 'ఐన్'. పాలకుని పేరు మొదటి అక్షరము కట్టడపు ద్వారములో నిలిచి బొమ్మలో భాగమైపోయినది. ఆ 'ఐన్' కొన్నింట పూర్తిగాను, కొన్నింట సగముగాను ఉండుటను నాణెముల సేకర్తలు నేటికిని శ్రద్ధగా గుర్తింతురు. రాజుయొక్క రూపము లేకయే రాజును స్మరింపజేసిన ఉపాయమిది. ఇస్లాము సంప్రదాయమున రూపచిత్రణపట్ల గల సంకోచము శిల్పమునకు లోటు కాలేదు. క్రొత్త మార్గమును చూపినది.

అక్షరము గూడ శిల్పమే

ఈ చివరి పరీక్షను గూర్చి మరికొంత చెప్పవలసియున్నది. మొగలు పాదుషాల నాణెములలో అధికభాగము బొమ్మలు లేనివే. ఖుష్‌నవీసు కలము వంపులే వాని అలంకారము. ఆ వంశముననే జహంగీరు 1618లో నెలపేరు వ్రాయుటకు బదులు ఆ నెలకు చెందిన రాశి బొమ్మను, అనగా మేషమునకు గొఱ్ఱెపొట్టేలును, సింహమునకు సింహమును చెక్కింపవలెనని తలచి అట్లే చేయించెను. ఇది తన ఆలోచనయేనని ఆయన స్వీయచరిత్రలో సంతోషముతో చెప్పుకొనెను. అక్షరమునకు ఎంత శక్తి కలదో, బొమ్మకు ఎంత శక్తి కలదో ఎరిగిన కళాభిజ్ఞుని నిర్ణయమది.

రెండు లిపులు ఒకే చోట ఇమిడినప్పుడు శిల్పికి పరీక్ష మరింత కఠినమగును. ఉర్దూ కుడినుండి ఎడమకు ప్రవహించును; దాని అందము పొడవైన సాగుడులోనున్నది. తెలుగు ఎడమనుండి కుడికి నడచును. దాని అందము గుండ్రదనములోను, తలకట్టులోను ఉన్నది. ఈ రెంటిని ఒకే వలయములో కూర్చిన నాణెము మన పూర్వుల చేతులలో తిరిగినది. 1907లో ఎడ్వర్డు చక్రవర్తి పేర వచ్చిన అణా నాణెమును చూచినచో, పూరేకులవంటి అంచు, నడుమ పెద్ద ఒకటి అంకె, చుట్టును ఆంగ్లముతోపాటు ఉర్దూ, నాగరి, బంగాళీ, తెలుగు లిపులలో దాని విలువ కనబడును. 'ఒక అణా' అను తెలుగు మాట ఆ చిన్న బిళ్ళమీద ఇరుకు లేక ఒదిగినది. పరాయి ప్రభుత్వము సంతలో తెలియుటకై చేసిన ఏర్పాటే కావచ్చును. కాని ఒక ప్రక్కనుండి ఉర్దూ, మరొక ప్రక్కనుండి తెలుగు తెరచుకొను మన పత్రికవంటి దానికి ఆ అణా బంధువని మాకు తోచును. ఇంకను వెనుకకు పోయినచో యజ్ఞ శాతకర్ణి మొదలగు శాతవాహనుల వెండి నాణెములపై ఒకవైపు ప్రాకృతము, రెండవవైపు ద్రావిడభాష కనబడుచున్నవి. రెండు భాషల నాణెము మన నేలకు క్రొత్త కాదు.

ఒక నిర్ణాయక సంఘము కథ

నాణెశిల్పమును నిర్ణయించు సంఘము ఎట్లు పనిచేయవలెనో తెలిసికొనుటకు ఐర్లండు దేశపు అనుభవము మిక్కిలి ఉపకరించును. క్రొత్తగా స్వరాజ్యము పొందిన ఆ దేశము 1926లో సొంత నాణెములకై ఒక సలహాసంఘము నేర్పరచెను. 1923లో నోబెలు బహుమతి నందిన కవి యేట్సు దానికి అధ్యక్షుడు. ప్రభుత్వము ముందుగా కొన్ని షరతులు విధించెను: ఒకవైపు జాతీయ చిహ్నమైన వీణ యుండవలెను, వ్రాత ఐరిషు భాషలోనే యుండవలెను, ఆధునిక వ్యక్తుల ముఖములు పనికిరావు.

సంఘము చేసిన మేలైన పని యేమనగా, నమూనాలు రాకమునుపే తమకేమి కావలెనో తేల్చుకొనుట. నాయకుల జాబితాలు, నినాదములు విడిచి, తమది పశుసంపదపై బ్రతుకు దేశము గనుక గుఱ్ఱము, సాల్మను చేప, ఎద్దు, వేటకుక్క, కుందేలు, కోడి, పంది, అడవిపక్షి, ఈ ఎనిమిదింటిని ఎనిమిది నాణెములకు ఏర్పరచిరి. ప్రాచీన గ్రీకు నాణెముల ఛాయాచిత్రములను శిల్పులకు మేలుబంతిగా పంపిరి. అన్ని నాణెములును ఒకే కుటుంబమువలె కనబడవలెనని ఒక్క శిల్పి పనినే ఎన్నుకొనిరి. ఆ శిల్పి పెర్సీ మెట్‌కాఫ్ ఐర్లండువాడు కాడు, ఆంగ్లేయుడు. పని బాగున్నది కావున పేరు, ఊరు అడ్డురాలేదు. 1928లో వెలువడిన ఆ నాణెములను నేటికిని నాణెశాస్త్రజ్ఞులు 20వ శతాబ్దపు మేలిరచనలలో లెక్కింతురు.

ఇందులో ఒక చిక్కును జరిగినది. ఎద్దు, పంది నమూనాలను వ్యవసాయశాఖ నిపుణులు చూచి, వాని శరీరలక్షణములు మేలుజాతికి తగినట్లు లేవని మార్పులు కోరిరి. శిల్పముగా అందమైన మొదటి రూపములు కొంత మారవలసివచ్చెను. ఈ విషయమును విని కొందరు నవ్వుదురు. మేము నవ్వము. ఒంగోలు గిత్తకు పేరుపడిన మన జిల్లాలో, మూపురము సరిగాలేని గిత్తను నాణెముపై చెక్కినచో మన రైతు ఊరకుండునా? నాణెమును వాడువాని కన్నును ఒక ప్రమాణమే. అయితే అది శిల్పికి సమాచారము కావలెను గాని శిల్పిచేతిలోని ఉలి కారాదు.

గుర్తుపట్టలేని నాణెము

వాడువాని కన్ను ఎంత ముఖ్యమో మన బజారులే మనకు చూపినవి. పదిరూపాయల నాణెము చెల్లదను వదంతి ఆంధ్రదేశమున అనేక సంవత్సరములు వ్యాపించి, కిరాణా కొట్టులోను, బస్సులోను దానిని త్రోసిపుచ్చిరి. కారణములలో ఒకటి స్పష్టము. ఆ నాణెము ఒకే రూపమున రాలేదు. వేరువేరు స్మారక సందర్భములకై వేరువేరు రూపములు వచ్చినవి. తుదకు 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు, తాము విడుదల చేసిన 14 రకముల పదిరూపాయల నాణెములును చెల్లునని ప్రకటింపవలసివచ్చెను.

నష్టపోయినదెవరు? సేకర్త కాదు. దినకూలి మిగుల్చుకొని నాణెములు దాచుకొన్నవాడు. అతని చేతిలోని పది రూపాయలు నిజమైనవే. కాని ఎదుటివాని కంటికి నిజముగా కనబడలేదు. వాడుకలో తిరుగు స్మారక నాణెమునకు కళతోపాటు బాధ్యతయు కలదని దీనివలన తెలియుచున్నది. బొరుసు ఎన్ని విధముల మారినను, ఇది ఫలానా నాణెమని చేయి తాకినంతనే తెలియజేయు కుటుంబలక్షణము చెడరాదు. పరిమాణము, అంచు, అంకెయొక్క స్థానము, అక్షరముల తీరు స్థిరముగా నుండి, చిత్రము మాత్రము మారవలెను. ఐర్లండు సంఘము ఒకే శిల్పిని ఎన్నుకొనుటలోని వివేకము ఇప్పుడు బోధపడును.

మనవారి నాణెము

ఇక తెలుగువారికి సన్నిహితమైన ఉదాహరణ. చిత్రనటుడుగాను, ముఖ్యమంత్రిగాను ప్రసిద్ధుడైన నందమూరి తారక రామారావు శతజయంతికి 100 రూపాయల స్మారక నాణెమును 2023 ఆగస్టు 28వ తేదీన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఢిల్లీలో విడుదల చేసిరి. 44 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 35 గ్రాముల బరువు, అందు సగము వెండి, తక్కినది రాగి, నికెలు, జింకు. ఒకవైపు సింహశీర్షము, రెండవవైపు ఆయన ముఖము, దేవనాగరిలో పేరు, 1923-2023 సంవత్సరములు. ముద్రించినది హైదరాబాదు టంకశాల. 1903లో సైఫాబాదులో నెలకొని, చార్మినారు నాణెములను ముద్రించి, 1997లో చర్లపల్లికి విస్తరించిన టంకశాల యిదియే. ఇది బజారులో తిరుగుటకు కాక దాచుకొనుటకు ముద్రించినది. ముఖవిలువకు ఎన్నో రెట్లు వెల పెట్టి జనులు కొనిరి.

ఆ కొనుగోలు ప్రేమకు నిదర్శనము. శిల్పమునకు నిదర్శనమా? మన పరీక్షలతో చూతము. పరిమాణము పెద్దది గనుక ముఖమునకు చోటు చాలినది. వ్రాత తక్కువగా నుండుటవలన నేలకు ఖాళీ మిగిలినది. పతాకలు, చిహ్నములు గుప్పింపలేదు. ఇవి గుణములు. అక్షరములను కప్పినచో తెలుగువారు ఆ ముఖమును పోల్చుకొందురు. కాని ఈ పోలికకు కారణము శిల్పమా, వెండితెరపై మనము వందలసార్లు చూచిన పరిచయమా? ఆ ముఖమును ఎన్నడును చూడని నూరేండ్ల తరువాతి బాలునికి ఈ నాణెము ఏమి చెప్పును? ఒక పెద్దమనిషి ముఖమని మాత్రమే చెప్పును. ఇది ఈ ఒక్క నాణెమునకు గల కొరత కాదు. 1964 నుండి మన స్మారక నాణెములలో అధికభాగము నడచిన త్రోవయే యిది: ముఖము, పేరు, రెండు సంవత్సరములు. ముఖము మనిషిని చూపును; అతడు చేసిన పనిని చూపదు. తెలుగుభాషకై గొంతెత్తిన వాని నాణెముపై ఆయన పేరునకు తెలుగు అక్షరములు తోడైనచో ఎంత నిండుదనము వచ్చెడిదో గూడ ఆలోచింపదగినది. 1907 నాటి అణా తెలుగునకు చోటిచ్చినది కదా.

విద్యార్థులకు ఒక అభ్యాసము

విమర్శ సులభము, రచన కష్టము. కావున విద్యార్థులకు ఒక అభ్యాసము సూచించుచున్నాము. మన జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పొందినది. ఆయనకు ఒక నాణెము రూపొందింపుమని మిమ్ము కోరినచో ఏమి గీయుదురు?

ముఖము గీయవచ్చును. కాని 1928లో సైమను కమిషనును వ్యతిరేకించుచు మదరాసులో తుపాకుల యెదుట ఆయన ఛాతీ విప్పి నిలిచిన సంగతి మన పాఠశాల బాలుర కందరకును తెలిసినదే. ఆ క్షణమును నాణెమునకెక్కింప వచ్చునా? గుంపును, వీధిని, సిపాయిలను అందరిని గీసినచో మొదటి పరీక్షలోనే ఓడిపోవును. అన్నిటిని విడిచి, ఒకవైపునుండి వచ్చు తుపాకి గొట్టము, దాని కెదురుగా తెరచిన అంగీ, ఈ రెండింటి నడుమ ఖాళీ నేల మాత్రము నిలిపినచో? ముఖమే అవసరము లేకపోవచ్చును. పేరు కప్పినను ధైర్యము కనబడును. తెలుగు ఎరుగనివానికి, మన చరిత్ర వినని వానికి గూడ కనబడును. ఇంతకంటె మేలైన ఊహ మీకు తట్టవచ్చును. తట్టినప్పుడు దానిని రూపాయంత వలయములో గీసి, చేతి దూరమున పట్టుకొని, ఈ నాలుగు పరీక్షలకును నిలుపుడు.

కళాశాల పాలకవర్గమువారికిని ఒక మనవి. కళాశాలలు ఏటేట పతకములు, జ్ఞాపికలు, ముద్రికలు చేయించుచుండును. అంగడిలో సిద్ధముగానున్న బిళ్ళను కొని పేరు చెక్కించుట పరిపాటి. దానికి బదులు విద్యార్థులచేత నమూనాలు గీయించి, గీసినవారి పేర్లు తెలియనీయక, అసలు పరిమాణమునకు తగ్గించి పరీక్షించినచో ఖర్చు స్వల్పము, లాభము అధికము. ఉర్దూ, తెలుగు లిపులు రెండును ఒక పతకముపై ఒదిగించు పని మన విద్యార్థులు చేయదగినది. ఆ రెండు కలములును మన యింట ఉన్నవి. నిర్ణయించు సంఘమున ఒక శిల్పము తెలిసినవాడు, ఒక లిపి తెలిసినవాడు, ఆ పతకము నందుకొనబోవు ఒక విద్యార్థి ఉన్న చాలును. సంఘము పెద్దదైన కొలది పతకము ఇరుకగును.

తాళపత్రము చివికిపోవును, కాగితము పొడియగును. లోహము మాత్రము భూమిలో పడియుండి, వేయేండ్ల తరువాత నాగలికి తగిలి పైకి వచ్చును. అప్పుడు దానిని చేతిలోనికి తీసికొన్న రైతుకు మన భాష రాకపోవచ్చును, మన నాయకుల పేర్లు తెలియకపోవచ్చును. అతనికి మిగిలియుండునది బొమ్మ యొక్కటే. ఆ బొమ్మను ఎన్నుకొను పని ఎవరి చేతిలో పడినను, వారు తమ కాలపు చప్పట్లకొరకు గాక ఆ రైతుకొరకు ఎన్నుకొనవలెనని మా అభిప్రాయము.